చేత్తో మైక్రో ఆర్ఎన్ఏ పాఠాలు – 3: జత ఎక్కడ కుదురుతుంది?

వైరస్ ఆర్ఎన్ఏని కణంలో కాపలా కాసే ప్రొటీన్ రిగ్-ఐ పసిగట్టాక ఆ కబురు వైరస్‌ని అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్ జన్యువుల దాకా ఎలా చేరుతుందో కిందటి పాఠంలో చూశాం. ఈసారి ఆ కబురుకు పగ్గం వేసే మైక్రో ఆర్ఎన్ఏని, అంటే ఇతర ఆర్ఎన్ఏలకు అతుక్కునే చిట్టి ఆర్ఎన్ఏని పట్టుకుందాం. కాగితం, పెన్సిలు తీసుకోండి. చదివితే చాలదు, రాస్తేనే పట్టుబడుతుంది.

మన ఉదాహరణ మిర్-146ఎ. ఇన్ఫెక్షన్ మొదలయ్యాక జన్యువులను పనిచేయించే ప్రొటీన్ ఎన్ఎఫ్-కప్పా-బి దీని ఉత్పత్తిని పెంచుతుంది. ఇదేమో ట్రాఫ్6, ఐరాక్1 అనే ప్రొటీన్ల ఎంఆర్ఎన్ఏలకు (ప్రొటీన్ తయారీ సమాచారం మోసే ఆర్ఎన్ఏలకు) అతుక్కుని, కబురు మోసే ఆ ప్రొటీన్లనే తగ్గిస్తుంది. పాలు పొంగుతుంటే మంట తగ్గిస్తాం కానీ పొయ్యి ఆర్పం కదా, అలాగన్నమాట. ఇంటర్‌ఫెరాన్ మితిమీరితే సొంత కణజాలానికే చేటు.

దీని మొదటి 8 అక్షరాలు: యు-జి-ఎ-జి-ఎ-ఎ-సి-యు. ఇందులో 2 నుంచి 8 దాకా ఉన్న ముక్కే సీడ్, అంటే జత కుదరడానికి ముఖ్యమైన భాగం. ఇప్పుడు చివరి అక్షరం నుంచి వెనక్కి వస్తూ ఒక్కోదానికి జోడీ రాయండి: ఎకి యు, యుకి ఎ, జికి సి, సికి జి. ఎ-జి-యు-యు-సి-యు-సి వచ్చిందా? జతపడే రెండు పోగులూ ఎదురెదురు దిశల్లో నడుస్తాయి కాబట్టే వెనక్కి రాయాలి. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. ఈ ఏడక్షరాలను సాధారణంగా ఎంఆర్ఎన్ఏలో ప్రొటీన్ సమాచారం ముగిశాక మిగిలే తోకలో వెతుకుతాం.

అభ్యాసానికి మాత్రం తోక కాదు, తల ఇస్తాను. హెపటైటిస్ సి వైరస్ ఆర్ఎన్ఏ మొదట్లోని తునక ఇది:

సి-జి-ఎ-సి-ఎ-సి-యు-సి-సి-ఎ-సి-సి-ఎ-యు-జి-ఎ-ఎ-యు-సి-ఎ-సి-యు-సి-సి-సి-సి

కాలేయంలో దండిగా ఉండే మిర్-122 సీడ్: జి-జి-ఎ-జి-యు-జి-యు. దీని జోడీ రాసి తునకలో వెతకండి. రెండు చోట్ల కుదురుతుంది. విచిత్రమేమిటంటే ఇక్కడ లాభం వైరస్‌ది! మిర్-122 తల దగ్గర అతుక్కుని, కణంలోని ఆర్ఎన్ఏని కొరికే ఎంజైముల నుంచి దాన్ని కాపాడుతుంది.

అక్షరాలు కలిస్తే అనుమానం పుట్టినట్టే, రుజువైనట్టు కాదు. 2005లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు వైరస్‌లోని ఆ అక్షరాలను మార్చారు, వైరస్ ఆర్ఎన్ఏ మోతాదు పడిపోయింది. మారిన అక్షరాలకు సరిపడేలా మిర్-122ని కూడా మార్చి ఇస్తే మళ్లీ పెరిగింది. నేను రుజువనేది దీన్నే.

రెండు చోట్లలో ఒకటి ఏడక్షరాల జత, రెండోది ఆరే. ఏ అక్షరం దగ్గర తెగిందో గుర్తించి పెట్టుకోండి. వచ్చే పాఠం అక్కడినుంచే.