ఫ్రీ రాడికల్ పాలిమరైజేషన్, 3వ పాఠం: బాత్ వేడెక్కకముందే జరిగే తప్పులు

రాడికల్ ఎలా పుడుతుందో, గొలుసు ఎలా సాగుతుందో కిందటి పాఠాల్లో చూశాం. ఇక చేసి చూద్దాం. మిథైల్ మెథాక్రిలేట్ (మన మోనోమర్, అంటే గొలుసుగా కలిసే చిన్న అణువు) 10 మి.లీ., ద్రావకంగా టోలుయీన్ 10 మి.లీ., రాడికల్‌ను పుట్టించే ఏఐబీఎన్ 50 మి.గ్రా.; 70 డిగ్రీల ఆయిల్ బాత్‌లో 4 గంటలు. అంతా ఫ్యూమ్ హుడ్‌లోనే.

నాలుగు గంటలైనా ఫ్లాస్కులో నీళ్లలాగే ఉందంటే ముందు మోనోమర్ సీసాను అనుమానించండి. దారిలో గడ్డకట్టకుండా అందులో ఎంఈహెచ్‌క్యూ అనే నిరోధకం కలిపే అమ్ముతారు. 5 మి.లీ. సిరంజిలో అడుగున దూది పెట్టి, పైన సగం దాకా బేసిక్ అల్యూమినా నింపి, మోనోమర్‌ను అందులోంచి వడకట్టండి. వడకట్టింది అదే రోజు వాడాలి. చెన్నై మే నెల ఎండకు దాన్ని బల్లమీద వదిలేయడం ప్రమాదం. ఒక మాట: ఎంఈహెచ్‌క్యూ పనిచేయాలంటే ఆక్సిజన్ ఉండాలి. అందుకే వడకట్టని సీసాను నైట్రోజన్ కింద దాచకూడదు.

ఫ్లాస్కులో మాత్రం ఆ ఆక్సిజనే శత్రువు. పెరిగే రాడికల్‌ను పట్టుకుని పెరాక్సీ రాడికల్‌గా మార్చేస్తుంది. అది మోనోమర్‌తో చాలా నెమ్మదిగా కలుస్తుంది. ఏఐబీఎన్ కూడా వేశాక ఫ్లాస్కును ఐసులో ఉంచి, పొడవాటి సూదిని అడుగుదాకా దించి 20 నుంచి 30 నిమిషాలు నైట్రోజన్ బుడగలు పోనివ్వండి. ఐసు లేకపోతే మోనోమర్ ఆవిరైపోయి లెక్క తప్పుతుంది. గాలి బయటికి పోయే సూది వేరే ఉండాలి. ఏఐబీఎన్ విడిపోయేటప్పుడు నైట్రోజన్ వదులుతుంది కాబట్టి వేడిచేసేటప్పుడు కూడా గట్టిగా బిగించొద్దు.

ఏఐబీఎన్‌ను ఫ్రిజ్‌లోంచి తీయగానే మూత తిప్పకండి, ఇక్కడి తేమకు లోపల చెమ్మ పడుతుంది. అరగంట ఆగండి.

టోలుయీన్ ఎందుకు, మానేద్దామా అనిపిస్తుంది. మానేయొద్దు, అది ద్రవాన్ని పలచగా ఉంచుతుంది. ద్రవం చిక్కబడేకొద్దీ రెండు పొడవాటి గొలుసులు ఎదురుపడి ఆగిపోవడం తగ్గుతుంది, చిన్న మోనోమర్ మాత్రం దూరుతూనే ఉంటుంది. దాంతో వేగం పెరుగుతుంది. గొలుసు సాగేటప్పుడు పుట్టే వేడి (మోల్‌కు సుమారు 56 కిలోజౌళ్లు) పోయే దారిలేక లోపలే చిక్కుకుంటుంది, మిగిలిన మోనోమర్ మరిగి పొంగుతుంది.

చివర 200 మి.లీ. మిథనాల్‌ను కలియబెడుతూ, ఫ్లాస్కులోని ద్రవాన్ని అందులో చుక్కచుక్కగా పోస్తే తెల్లటి పీచు దిగుతుంది. జిగురుముద్ద అయితే తొందరపడి పోశారన్నమాట. పాలలా తేలిపోయి కిందికి దిగకపోతే గొలుసులు పొట్టివి కావచ్చు. ఏఐబీఎన్ తూకం సరిచూడండి. దాన్ని నాలుగింతలు చేస్తే వేగం రెండింతలు, గొలుసు పొడవు సగం.

అభ్యాసం: గొలుసు పొడవు రెట్టింపు కావాలి. ఏఐబీఎన్ ఎన్ని మి.గ్రా. వేస్తారు, వేగం ఏమవుతుంది?