తాళం వేసిన పోర్షన్‌కి కరెంటు బిల్లు: నా అనుభవం

ఇంటిని మూడు పోర్షన్లు చేసి మూడు మీటర్లు పెట్టించాం. కింద పోర్షన్ వాళ్ళు ఊరెళ్ళిన నెలా బిల్లు తగ్గలేదు. మీటరు టెస్టు, ఫ్రిజ్ మీద అనుమానం, వాళ్ళతో మాటామాటా... అన్నీ దండగే.

ఒక ఆదివారం రాత్రి అందరికీ చెప్పి మూడిళ్ళ ఎంసీబీలూ (ఇంట్లోకి వెళ్ళే కరెంటు ఆపే స్విచ్‌లు) దించేశాను. కరెంటు వాడుతుంటే మిణుకుమనే ఎర్ర లైటు కింద మీటరుపై ఇంకా కొట్టుకుంటోంది! మెట్ల లైటు ఆర్పితే ఆగింది. బోరు మోటారు వేస్తే గబగబా కొట్టుకుంది. ఆ రెండు వైర్లూ వాళ్ళ మీటరు నుంచి, ఎంసీబీ బోర్డుకు ముందే లాగారన్నమాట. మర్నాడు ఎలక్ట్రీషియన్ ముందు మెట్ల లైటు, తర్వాత మోటారు స్టార్టరు మా మీటరుకి మార్చాడు. మళ్ళీ ఎంసీబీలు దించి చూశాం, కింద మీటరు లైటు మిణుకుమనలేదు.

మా ఇంటికి ఇది సరిపోయింది. పోర్షన్ల మధ్య న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) కలిసిపోయి ఉంటే ఇలా దొరక్కపోవచ్చు.