ప్రైమరీ కేసులో క్లాట్ ముక్కలు కిందకి జారకుండా ఏం చెయ్యాలి: క్యాథ్ ల్యాబ్‌లో కొత్తగా స్క్రబ్ అయ్యేవాళ్ల కోసం

రాత్రి రెండింటికి ఫోనొస్తుంది, ప్రైమరీ (గుండెపోటు వచ్చిన పేషెంట్‌కి వెంటనే చేసే యాంజియోప్లాస్టీ) ఉంది రమ్మని. వెళ్తే ఎల్ఏడీ (గుండె ముందు భాగానికి రక్తమిచ్చే నాళం) మొదట్లోనే మూసుకుపోయి ఉంటుంది, నిండా క్లాట్, అంటే రక్తపు గడ్డ. వైర్ దాటగానే బెలూన్ ఎక్కించేద్దాం అనిపిస్తుంది గానీ, బెలూన్‌తో నొక్కితే క్లాట్ మాయమైపోదు కదా, నలిగి ముక్కలై కింద సన్న నాళాల్లో ఇరుక్కుంటుంది. పైన స్టెంట్ నీట్‌గా కనిపిస్తుంది, డై మాత్రం కిందకి దిగదు, ఈసీజీలో పైకి లేచిన ఎస్టీ గీత దిగదు, పేషెంట్ ఇంకా నొప్పి అంటూనే ఉంటాడు. నో-రీఫ్లో అంటే ఇదే.

అయితే అందరికీ సక్షన్ (క్యాథెటర్‌తో క్లాట్‌ని బయటికి పీల్చెయ్యడం) పెట్టేస్తే సరిపోతుందా అంటే లేదు. 2008లో నెదర్లాండ్స్‌లో చేసిన టపాస్ ట్రయల్ బాగుందని చెప్పేసరికి అన్ని ల్యాబుల్లో క్యాథెటర్లు తెగ వాడేశారు. తర్వాత 2013లో స్వీడన్ వాళ్ల టేస్ట్ ట్రయల్‌లో మరణాలేమీ తగ్గలేదు, 2015లో పదివేల మందికి పైగా పేషెంట్లతో వచ్చిన టోటల్ ట్రయల్‌లో లాభం లేకపోగా 30 రోజుల్లో స్ట్రోక్ 0.3 నుంచి 0.7 శాతానికి పెరిగింది. అందుకే ఇప్పుడు గైడ్‌లైన్స్ రొటీన్‌గా వద్దంటున్నాయి. వైర్ దాటాక కూడా ఫ్లో రాకుండా పెద్ద క్లాట్ కనిపిస్తే అప్పుడు తీస్తారు, నా లెక్కలో అదే కరెక్టు.

తీసేటప్పుడు చెయ్యి ఎలా ఉండాలో చెప్తా, ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ముందు ఏసీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే టైం) చూసుకోండి, 250 సెకన్లు దాటాలి. క్యాథెటర్‌ని హెపారిన్ సెలైన్‌తో బాగా ఫ్లష్ చెయ్యండి, 30 ఎంఎల్ లాక్ సిరంజి (వెనక్కి లాగి లాక్ చేస్తే సక్షన్ నిలబడేది) రెడీగా పెట్టుకోండి. క్లాట్‌కి ఒకటి రెండు సెంటీమీటర్ల పైనుంచే సక్షన్ ఆన్ చేసి, మెల్లగా ముందుకెళ్లాలి. క్లాట్ దాటాక ఆన్ చేద్దాంలే అనుకుంటే మీ క్యాథెటరే దాన్ని కిందకి తోసేస్తుంది.

సిరంజిలోకి రక్తం రావడం ఆగిపోయిందా, టిప్ దగ్గర పెద్ద ముక్క పట్టి ఉండొచ్చు. అప్పుడు లోపలికి ఫ్లష్ కొట్టకండి, సక్షన్ ఆపెయ్యకండి, గైడ్ (బయటి పెద్ద క్యాథెటర్) ఆస్టియంలో, అంటే గుండె నాళం మొదలయ్యే నోట్లో బాగా కూర్చుందో లేదో చూసుకుని అలా సక్షన్ మీదే మొత్తం బయటికి లాగెయ్యండి. కొత్తలో నేను గైడ్‌లోకి వచ్చేసిందిలే అని మధ్యలో సిరంజి లాక్ తీసేశా, సార్ కేక ఇంకా చెవుల్లో ఉంది. ఆ ముక్క అయోర్టాలో పడి మెదడుకి పోతే స్ట్రోకే. బయటికి వచ్చాక కూడా వెంటనే డై కొట్టొద్దు, గైడ్ వెనక చివర ఉండే వై కనెక్టర్ తెరిచి రక్తం బాగా వెనక్కి వదిలాకే ఇంజెక్షన్. సిరంజిలోది చిన్న జాలీలో వంచి చూడండి, తెల్లగా మీగడ ముక్కలా ఉంటే ప్లేట్‌లెట్లు ఎక్కువున్న తాజా క్లాట్, ముదురు ఎర్రగా వానపాము ముక్కలా ఉంటే సాధారణంగా కాస్త లేటుగా వచ్చిన కేసు.

సక్షన్ వద్దనుకున్న కేసుల్లో రూల్ ఒకటే, తక్కువ కెలకడం. చిన్న బెలూన్‌తో దారి చేసి, వీలైతే నేరుగా స్టెంట్ వేసి, హై ప్రెషర్ పోస్ట్ డైలటేషన్ (స్టెంట్ వేశాక బెలూన్‌తో మళ్లీ ఉబ్బించడం) అనవసరంగా చెయ్యకుండా వదిలెయ్యడం.

కింద గొడుగులా ఫిల్టరో, బెలూనో పెడితే ముక్కలు ఆగవా అని అడుగుతారు. ఆగుతాయి. 2005లో ఎమరాల్డ్ ట్రయల్‌లో 73 శాతం కేసుల్లో ముక్కలు దొరికాయి కూడా, కానీ గుండె కండ డామేజ్ మాత్రం తగ్గలేదు. బైపాస్‌లో వేసిన పాత వీన్ గ్రాఫ్ట్‌లకి కథ వేరు, అక్కడ సేఫర్ ట్రయల్‌లో 30 రోజుల్లో పెద్ద సమస్యలు 16.5 నుంచి 9.6 శాతానికి తగ్గాయి.

ఇంత చేసినా ఫ్లో ఆగిపోతే అడినోసిన్, నైట్రోప్రసైడ్, వెరాపమిల్ లాంటి సన్న నాళాల్ని వదులు చేసే మందులు సార్ అడుగుతారు, డోస్ ఆయన చెప్పిందే. గైడ్ నుంచి కొడితే మూసుకుపోయిన వైపు పోకుండా పక్క బ్రాంచీల్లోకే పోతుంది మందు, అందుకే మైక్రోక్యాథెటర్‌తో కింద దాకా తీసుకెళ్లి ఇవ్వడం మేలు. బీపీ ముందే పడిపోయి ఉంటే నైట్రోప్రసైడ్ ఇచ్చేముందు గట్టిగా గుర్తు చెయ్యండి. ఆర్సీఏలో (గుండె కుడివైపు నాళం) అడినోసిన్ ఇస్తే కాసేపు హార్ట్ రేట్ ముప్పైకి కూడా పడొచ్చు, కంగారు పడకండి, సెకన్లలో తేరుకుంటుంది, కానీ హార్ట్ రేట్ పెంచే అట్రోపిన్ మాత్రం లాగి లేబుల్ అంటించి పక్కనే పెట్టుకోండి.