ఇటలీ పల్లెలో ఫార్మ్‌హౌస్ బస: ఒంటరిగా వెళ్ళేవారు బుక్ చేసే ముందు చూసుకోవలసినవి

టస్కనీ కొండ మీద రాతి ఇల్లు, దాని దాకా సైప్రస్ చెట్ల వరస, చుట్టూ ద్రాక్షతోట. ఫోటో చూడగానే బుక్ చేసేయాలనిపిస్తుంది. కాస్త ఆగండి. దగ్గర్లో బస్సు లేదనీ, కిరాణా కొట్టు లేదనీ, చీకటి పడితే ఆ దారిలో మనిషే కనిపించడనీ ఫోటో చెప్పదు. నలుగురు కలిసి కారులో వెళ్తే ఇవేవీ పట్టించుకోనక్కర్లేదు. ఒక్కరే వెళ్ళేటప్పుడు మాత్రం ఇంటి అందం తర్వాతి సంగతి. స్టేషన్ నుంచి అక్కడికి ఎలా చేరతాం, రాత్రి ఏం తింటాం అన్నవి ముందు తేల్చుకోవాలి.

పొలంలోనే అతిథులకు బస ఇచ్చే ఇలాంటి చోట్లను అక్కడ అగ్రితురిజ్మో అంటారు. 1985లో వచ్చిన చట్టం, దాని బదులు 2006లో తెచ్చిన చట్టం ప్రకారం ఆ పేరు పెట్టుకోవాలంటే అక్కడ నిజంగా సేద్యం జరుగుతూ ఉండాలి. పాత రైతు ఇంటిని బాగుచేయించి, తాళంచెవులు బయట డబ్బాలో పెట్టి, తాము అక్కడ ఉండకుండా అద్దెకిచ్చేవాళ్ళు వేరే. అందులో తప్పేం లేదు గానీ, రాత్రి కరెంటు పోయినా కడుపునొప్పి వచ్చినా తలుపు తట్టడానికి ఎవరూ ఉండరు. అందుకే ‘మీ కుటుంబం అక్కడే ఉంటుందా?’ అని మొదటే అడగండి. చాలామంది యజమానులు వాట్సాప్‌లో జవాబిస్తారు, ఇంగ్లీషు రాకపోతే అనువాదం యాప్ ఉండనే ఉంది.

2025 నుంచి ఇలాంటి బసల ప్రకటనల్లో ఐటీ (IT) అనే అక్షరాలతో మొదలయ్యే జాతీయ గుర్తింపు కోడ్ తప్పనిసరి. కోడ్ కనిపించకపోతే అడగండి, నీళ్ళు నమిలితే వదిలేయండి. నేరుగా బుక్ చేసుకుంటే కొంత అడ్వాన్స్ అడగడం మామూలే. కానీ మొత్తం డబ్బు ముందే, అదీ ఎవరిదో సొంత ఖాతాకు పంపమంటే ఆ బేరం వద్దు.

రెండు మూడు రాత్రులే ఉండాలనుకుంటే జులై, ఆగస్టు కష్టం. శనివారం నుంచి శనివారం దాకా వారం తీసుకుంటేనే ఇస్తామనే చోట్లు ఎక్కువ, పైగా ఎండ మండిపోతుంది, పాత ఇళ్ళలో చాలావాటికి ఏసీ ఉండదు. ఆగస్టు 15 ఫెరాగోస్తో పండగ, ఆ చుట్టుపక్కల రోజుల్లో ఊళ్ళో కొట్లు కూడా మూసేస్తారు. టస్కనీలోని సియెనా నగరంలో పాలియో గుర్రప్పందేలు జరిగే జులై 2, ఆగస్టు 16 తేదీల్లో ఆ దరిదాపుల్లో గది దొరకడం గగనమే. ఏప్రిల్, మే, లేదా సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ దాకా చూడండి. ధర సాధారణంగా గదికే గానీ మనిషికి కాదు కాబట్టి, ఒక్కరికి ఎంతో విడిగా అడిగితే కొంత తగ్గొచ్చు.

ఇక అసలు తలనొప్పి ప్రయాణం. బస్‌స్టాప్‌లో అంటించిన టైమ్‌టేబుల్‌ని జాగ్రత్తగా చదవాలి. ‘ఫెరియాలే’ అని ఉంటే సోమవారం నుంచి శనివారం దాకా, ‘ఫెస్తీవో’ అంటే ఆదివారాలు, సెలవులు. ‘స్కొలాస్తికో’ అని ఉన్న బస్సు బడి నడిచే రోజుల్లోనే వస్తుంది. పట్టికలో ఆరు బస్సులున్నా, సెలవుల్లో మీకు మిగిలేవి రెండే కావచ్చు. ఆదివారం ఒక్కటీ లేని దారులు కూడా ఉంటాయి. టికెట్ తీసుకోవడానికి చాలా ఊళ్ళలో పొగాకు కొట్టుకే వెళ్ళాలి. చిన్న స్టేషన్ల బయట ట్యాక్సీలు వరసకట్టి ఉండవు, ఊబర్ ఆశ అసలే పెట్టుకోకండి. ఓర్వియెతో, స్పొలేతో, కియూసి లాంటి రైలు ఊళ్ళకు దగ్గర్లో చూసుకుని, స్టేషన్‌కు వచ్చి తీసుకెళ్తారా, ఎంత తీసుకుంటారు అని యజమానిని ముందే అడగడం మేలు. తిరుగు ప్రయాణం కూడా వెళ్ళిన రోజే మాట్లాడేసుకోండి. కారు వద్దనుకుంటే నన్నడిగితే ఇటలీకి ఉత్తరాన ఉన్న సౌత్ టిరోల్ ప్రాంతం మేలు: చాలా బసలు ఇచ్చే గెస్ట్ పాస్‌తో అక్కడి బస్సులు, లోకల్ రైళ్ళు ఉచితం.

కారు తీసుకుంటే మన లైసెన్స్‌తో పాటు ఆర్టీఓ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. అద్దె కార్లలో ఎక్కువ గేర్లవే, ఆటోమేటిక్ కావాలంటే ముందే చెప్పాలి. ఫ్లోరెన్స్, సియెనా, లూకా పాతబస్తీల్లోకి అనుమతి లేని కార్లు వెళ్ళకూడదు. కెమెరా నంబర్ ప్లేటు పట్టేస్తే జరిమానా మీరు ఇంటికొచ్చాక ఇంటికే వస్తుంది. పొలానికి చేరే చివరి కిలోమీటర్లు కంకర రోడ్డే అనుకోండి. మ్యాప్ ఒక్కోసారి వెనక గేటు దగ్గర వదిలేస్తుంది కాబట్టి, వాట్సాప్‌లో లొకేషన్ తెప్పించుకుని వెలుగుండగానే చేరండి.

రాత్రి భోజనం కూడా అక్కడే ఉంటే సగం టెన్షన్ పోతుంది. కాకపోతే అది అన్ని రోజులూ పెడతారా, ఒక్కరికైనా వండుతారా అని అడగాలి. శాకాహారులైతే ‘మాంసం వద్దు’ అంటే సరిపోదు. పంది కొవ్వు, మాంసం ఉడికించిన నీళ్ళు, చేప కూడా వద్దని విడివిడిగా రాయండి. పార్మిజాన్ చీజ్‌లో పాలు గడ్డకట్టడానికి దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్ వాడతారు, పట్టింపు ఉంటే అదీ చెప్పండి. వంటగది ఉంది కదా అని రైస్‌కుక్కర్ మోసుకెళ్ళేవాళ్ళకు ఒక మాట: అక్కడ మామూలు ఇంటి కనెక్షన్ 3 కిలోవాట్లే. కుక్కర్, కెటిల్, ఓవెన్ ఒకేసారి వేస్తే మెయిన్ పడిపోతుంది, మీటర్ పెట్టె ఎక్కడో బయట గోడకుంటుంది. అది ఎక్కడుందో తొలిరోజే చూపించమనండి. మన మూడు పిన్నుల ప్లగ్ అక్కడి సాకెట్‌లో పట్టదు, అడాప్టర్ కావాలి.

ఒక్కరే నడకకు వెళ్తే గొర్రెల మందలకు దూరంగా ఉండండి. మందతో తిరిగే పెద్ద తెల్ల కుక్క మరెమ్మానో, కాపలా కుక్క. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ మంద వైపు వచ్చేవాళ్ళను ఊరుకోదు. మొరుగుతూ ఎదురొస్తే పరుగెత్తకండి, కర్ర ఎత్తకండి. ఆగి, మెల్లగా వెనక్కి తగ్గి, చుట్టూ తిరిగి పోండి. సైకిల్ మీదుంటే దిగి నడవండి. ఎత్తైన గడ్డిలో నడిచొస్తే పిడుదులు పట్టాయేమో మోకాళ్ళ వెనక, నడుం దగ్గర చూసుకోండి.

సెప్టెంబర్ మూడో ఆదివారం నుంచి జనవరి నెలాఖరు దాకా వేట సీజన్. కంచె లేని ప్రైవేటు పొలాల్లోకి కూడా వేటగాళ్ళు రావడానికి అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. మంగళ, శుక్రవారాలు వేట నిషేధం కాబట్టి అడవి దారి నడక ఆ రోజుల్లో పెట్టుకోండి. మిగతా రోజుల్లో ముదురు రంగులు కాకుండా నారింజ రంగో, మెరిసే పసుపో వేసుకోండి. బయల్దేరే ముందు ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఆ ఇంటివాళ్ళకు చెప్పండి. అత్యవసర నంబర్ 112.

ఇటలీ వెళ్ళడానికి కావలసిన షెంగెన్ వీసాకు ప్రతి రాత్రి బసకూ ఆధారం అడుగుతారు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. వీసా చేతికొచ్చేదాకా, రద్దు చేస్తే డబ్బు తిరిగి ఇచ్చే బుకింగే పెట్టుకోండి. చేరగానే పాస్‌పోర్ట్ అడిగితే కంగారు పడొద్దు, అతిథుల వివరాలు పోలీసులకు పంపడం అక్కడ యజమాని బాధ్యత. ఊరి పర్యాటక పన్ను ఉంటే గది అద్దెకు అదనం, చాలాచోట్ల నగదే తీసుకుంటారు. ఏటీఎం మళ్ళీ ఏ ఊళ్ళో ఉంటుందో తెలీదు కాబట్టి రైలు దిగిన చోటే కొన్ని యూరోలు తీసి పెట్టుకోండి.