చిన్న సంగతులు రాయడం - నాలుగో పాఠం: విషయం వేరు, ప్రశ్న వేరు

మూడో పాఠం చివర ఇచ్చిన అభ్యాసం చూడటానికి సులువైనదే. ఇంటి నుంచి ఒక పూటలో వెళ్ళి రాగలిగిన చోట మీకు వింతగా తోచిన సంగతిని ఎంచుకుని, పేజీకి మించకుండా రాయమన్నాను. మీరు పంపిన రాతలు శ్రద్ధగా చదివాను. భాషకు ఇబ్బంది లేదు, ఓపికకు కొదవ లేదు; అయినా వాటిలో ఎక్కువ భాగం ఒకే చోట తడబడ్డాయి. శ్రీకాళహస్తి కలంకారీ మీద రాసినవారు అది ఎంతో ప్రాచీనమైన కళ అని మొదలుపెట్టి, దాన్ని కాపాడుకోవాలని ముగించారు. గాదంకి రాడార్ మీద రాసినవారు అది మనకు గర్వకారణం అన్నారు. తిరుపతి గంగజాతర మీద రాసినవారు వేషాల పేర్లు వరుసగా చెప్పి ఆగిపోయారు. వీటిలో అబద్ధం ఏదీ లేదు, కానీ చదివినవారికి కొత్తగా తెలిసేదీ ఏదీ లేదు. అందుచేత ఎత్తుగడల గురించి, అంటే రాత మొదలుపెట్టే తీరు గురించి, ఈసారి చెప్పాలనుకున్న పాఠాన్ని వాయిదా వేసి, ముందు ఈ చిక్కు విప్పుతున్నాను.

మీరు విషయాన్ని ఎంచుకున్నారు కానీ ప్రశ్నను ఎంచుకోలేదు. కలంకారీ అనేది విషయం. దాని మీద గ్రంథాలు రాయవచ్చు, పేజీ మాత్రం రాయలేము. పేజీకి సరిపోయేది ఒక్క ప్రశ్నే. ఆ ప్రశ్న మీరు చూసినదాని లోంచి పుట్టాలి, దానికి జవాబు దొరికే వీలుండాలి, జవాబు దొరికాక ఆ వస్తువు మునుపటిలా కనిపించకూడదు. ఈ మూడూ కుదిరితే సాంకేతికమా, సంస్కృతికి చెందినదా, వంటింటి ముచ్చటా అన్న తేడా రాసేవారికి అడ్డు రాదు. ఈ రకం రచనలో నాకు అన్నిటికన్నా నచ్చే గుణం కూడా అదే.

కలంకారీనే తీసుకుని చూపిస్తాను. శ్రీకాళహస్తిలో గుడ్డ మీద బొమ్మ గీస్తున్నవారి పక్కన కాసేపు కూర్చోండి. చేతిలో మొన చెక్కిన వెదురు పుల్ల ఉంటుంది, కలం అదే. మొనకు కాస్త పైన గుడ్డ పీలికలు చుట్టి దారంతో కట్టి ఉంటాయి. ఆ చుట్ట రంగునీటిని పీల్చి ఉంచుకుంటుంది. వేలితో నొక్కినకొద్దీ నీరు మొనకు దిగుతుంది. ఇంతవరకు అందరూ రాశారు. ఇప్పుడు గిన్నెలోకి చూడండి. నల్ల గీతలు గీస్తున్న ఆ నీరు సిరాలా చిక్కటి నలుపు కాదు, తుప్పు కలిసినట్టుండే నీరు. అది గుడ్డను తాకాకనే నల్లబడుతోంది. గిన్నెలో లేని నలుపు గుడ్డ మీదికి ఎక్కడి నుంచి వచ్చింది? మీ ప్రశ్న ఇదే.

జవాబు కోసం రెండడుగులు వెనక్కి వెళ్ళాలి. ఆ నీరు ఇనుప ముక్కలను బెల్లంతో కలిపి నీళ్ళలో రోజుల తరబడి ఊరవేసినది. బెల్లం పులిసినప్పుడు పుట్టే ఆమ్లం ఇనుమును కరిగించి నీటిలోకి దింపుతుంది. గుడ్డ సంగతి వేరు. దాన్ని ముందే కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెట్టి ఉంచుతారు. కరక్కాయలో వగరుకు కారణమైన టానిన్ అనే పదార్థం ఉంది. ఇనుప నీరు, టానిన్ కలిసిన చోట నలుపు పుడుతుంది, ఆ నలుపు నూలు పోగును పట్టుకుని ఉతికినా వదలదు. పాలలోని కొవ్వు రంగును పక్కలకు పాకనివ్వదు కాబట్టి గీత సన్నగా నిలుస్తుంది. అంటే నలుపులో సగం కలంలో, సగం గుడ్డలో ఉన్నాయి. ఇంత తెలిశాక పాఠకుడు ఆ గుడ్డను చూసే తీరు మారుతుంది, ప్రాచీనమైన కళ అన్న మాట విడిగా చెప్పవలసిన అవసరమే ఉండదు. పెడనలో అచ్చులతో అద్దే కలంకారీని కూడా ఇదే పేజీలోకి తెచ్చినవారున్నారు. అది వేరే పద్ధతి, వేరే ప్రశ్న, వేరే పేజీ.

గాదంకికి ఇంత స్థలం అక్కరలేదు. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో ఉన్న ఆ ఊళ్ళోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 1024 యాగీ యాంటెన్నాలు ఒకే మైదానంలో బారులు తీరి ఉన్నాయి; ఆ రాడార్ అంటే ఇవే. దూరదర్శన్ రోజుల్లో మన మిద్దెల మీద నిలబెట్టుకున్నవి కూడా యాగీ యాంటెన్నాలే. మిద్దె మీదిది ప్రసార కేంద్రం దిక్కుకు తిరిగి ఉండేది, గాదంకివి ఆకాశం వైపు చూస్తాయి. ఎందుకు? మబ్బు లేని ఆకాశంలో కూడా గాలి సుడులు తిరుగుతూనే ఉంటుంది. 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను పైకి పంపితే ఆ సుడుల నుంచి అతి సన్నని ప్రతిధ్వని తిరిగి వస్తుంది. దాన్ని పట్టుకుని ఎంత ఎత్తులో గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో లెక్క కడతారు. మిద్దె మీది యాంటెన్నాతో మొదలుపెట్టి గాలి వేగంతో ఆపితే పేజీ నిండుతుంది.

గంగజాతరకు కూడా ఇదే మందు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని పేర్లు చెప్పడం కాదు, వేషం రోజుకొకటిగా ఎందుకు మారుతుందో అడగండి. ఆడవాళ్ళను చెరబట్టే పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటే, ఆమె వేషాలు మారుస్తూ వెతికిందని, దొర వేషంలో వచ్చినప్పుడు అతడు బయటపడి హతమయ్యాడని, ఆ తరువాత మాతంగి వేషంలో వెళ్ళి అతడి భార్యను ఓదార్చిందని జాతరలో చెప్పుకుంటారు. మీ జాబితా ఒక్కసారిగా కథ అయింది. చంపినవాడి ఇంటికే ఓదార్చడానికి వెళ్ళిన దేవత గురించి నాకైతే ఇంకో పేజీ చదవాలని ఉంటుంది. అయితే ఇది విన్న కథ. వేషధారి మీ వీధిలోకి రావడం మీరు చూసినది. ఈ రెంటినీ ఒకే గొంతుతో రాయకూడదు. నా పద్ధతి చెబుతాను: నోటుబుక్కులో ఎడమ పేజీలో చూసినవి, కుడి పేజీలో విన్నవి, చదివినవి రాసుకుంటాను. ఎడమ పేజీ ఖాళీగా ఉంటే ఆ సంగతి జోలికి పోను.

ఇక నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టిన పొరపాటు. 'ప్రపంచంలోనే', 'ఆసియాలోనే', 'మొట్టమొదటి', 'ఏకైక' అన్న మాటలు కనబడని రాత అరుదు. తిరుమల కొండ మీద సహజంగా ఏర్పడిన రాతి వంపు, శిలాతోరణం గురించి వచ్చిన దాదాపు ప్రతి రాతలోనూ ఇలాంటివి ప్రపంచంలో మూడే ఉన్నాయని, ఆసియాలో ఇదొక్కటేనని ఉంది. ఈ మాట మనవాళ్ళు ఒకరి నుంచి ఒకరు ఎత్తుకుంటూ వస్తున్నారు. ఎవరూ ఆగి లెక్క అడగలేదు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఆర్చెస్ జాతీయ ఉద్యానవనం ఒక్కదానిలోనే రెండు వేలకు పైగా సహజ శిలాతోరణాలు నమోదయ్యాయి. ఆసియా అంటారా, చైనాలోని షింజాంగ్ ప్రాంతంలో షిప్టన్ తోరణం ఉంది. అది మన తోరణం కన్నా ఎన్నో రెట్లు ఎత్తైనది. 'మూడే' అన్న మాట ఒక్క వెతుకులాటతో కూలిపోతుంది. అది కూలితే పాఠకుడు మీరు నిజంగా చూసి రాసిన మిగతా వాక్యాలను కూడా నమ్మడు.

ఆ మాట మీరు ఎందుకు రాశారో నాకు తెలుసు. మన కొండ మీది వస్తువు గొప్పదని పాఠకుడికి అనిపించాలన్న ఆరాటం అది, ఆ ఆరాటం మంచిదే. కానీ గొప్పతనం పోటీలో గెలవడంలో లేదు. చక్రతీర్థం దగ్గర నిలబడి చూస్తే సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల ఆ రాతి వంపు కింద ఖాళీ ఎలా ఏర్పడిందన్నదే అసలు ప్రశ్న. మెత్తని పొరను గాలీ నీరూ ముందుగా తినేస్తే గట్టి పొర వంపుగా మిగులుతుంది. తిరుమల ఘాట్ రోడ్డులో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ గుర్తించిన మరో జాతీయ భూవైజ్ఞానిక స్మారకం ఉంది. అక్కడ కొండ తెగిన చోట కింద గ్రానైట్, దాని మీద క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి పొరలు కనిపిస్తాయి. ఆ రెండు రాళ్ళు ఒకదాన్నొకటి తాకే గీత దగ్గర కోట్లాది సంవత్సరాల కాలం రాతిలో జాడ లేకుండా గడిచిపోయింది. బస్సు కిటికీ పక్క కూర్చున్నవారికి ఆ గీత చూపించగలిగితే 'ఏకైక' అన్న మాటతో మీకేం పని?

కాబట్టి నియమం గట్టిగా పెడుతున్నాను. అలాంటి మాట రాయాలనిపించినప్పుడు లెక్క ఎవరిదో, ఎప్పటిదో, దేనితో పోల్చారో పక్కనే రాయండి. మూడింటిలో ఏది దొరక్కపోయినా మాటను కొట్టేయండి. దానికి బదులుగా 'అరుదైన' అని రాయడం కూడా కుదరదు.

ఒకే రకం సంగతులు వరుసగా రాయవద్దని మాత్రం నా అభిరుచి కొద్దీ చెబుతున్నాను. రాడార్ తరువాత జాతర, జాతర తరువాత వంటింటి కత్తిపీట. వాటి మధ్య లంకె పెట్టడానికి ప్రయత్నించకండి, రాసే మనిషి ఒకరే కావడం చాలు. ఎత్తుగడ చివర రాయండి. నేను మొదట జవాబున్న పేరా రాసి, అక్కడి నుంచి వెనక్కి వెళతాను.

ఈసారి అభ్యాసం కష్టమైనదే. పాలు పోయని చిక్కటి టీ డికాక్షన్ ఒక గ్లాసులో తీసుకోండి. తుప్పు పట్టిన మేకును వెనిగర్‌లో రెండు మూడు రోజులు నానబెట్టి, ఆ నీటిని చుక్కలుగా డికాక్షన్‌లో వేయండి, తాగకండి. రంగు మారడం ప్రతి చుక్కకూ గమనించి ఎడమ పేజీలో రాసుకోండి. ఆ తరువాత టీ, ఇనుము, టానిన్ అన్న మాటలు మొదటి పేరాలో వాడకుండా, కలంకారీ ప్రస్తావన ఎక్కడా రాకుండా, పేజీ రాయండి. రాసినదాన్ని ఇంట్లో సైన్సు చదవని పెద్దవారెవరికైనా చదివి వినిపించి, వారు అడిగిన మొదటి ప్రశ్నను పేజీ అడుగున వారి మాటల్లోనే రాసి పంపండి. వాయిదా పడిన ఎత్తుగడల పాఠాన్ని ఆ ప్రశ్నలతోనే మొదలుపెడతాను.