ఓషున్ తల్లి దగ్గరికి వెళ్లేవాళ్లకి

మాది మాధవధార. మావారి ఉద్యోగం వల్ల నాలుగేళ్లు నైజీరియాలోని లాగోస్‌లో ఉన్నాను. ఇప్పుడు వైజాగ్ నుంచి అక్కడికి కాపురానికి వెళ్లే ఆడపిల్లలు ఫోన్ చేసి, "సెలవు రోజుల్లో ఏం చూడాలి అక్కా?" అని అడుగుతుంటారు. అక్కడి యొరుబా జాతివాళ్లు కొలిచే ఓషున్ అమ్మవారి ఓషోగ్బో వనం, ఎరిన్ ఇజేషా జలపాతం చూడమంటాను.

ముందు యెల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోండి. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు హ్యాండ్‌బ్యాగులోనే ఉండాలి, తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనూ అడుగుతారు. నేను సూట్‌కేసులో పడేసి, ముంబైలో పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఓషోగ్బో లాగోస్‌కి 200 కిలోమీటర్ల పైమాటే. తెలిసిన డ్రైవర్‌తో తెల్లవారుజామునే బయల్దేరండి. చీకటి పడ్డాక రోడ్డు మీద ఉండొద్దు, రాత్రికి అక్కడే ఆగిపోండి.

వనం 75 హెక్టార్లు. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. అక్కడ చెట్టు నరకరు, వేటాడరు, ఏట్లో చేప పట్టరు. ఏటి పేరే అమ్మవారి పేరు, ఓషున్. పిల్లల కోసం మొక్కుకునేది ఆవిడకే. చెట్ల మధ్య కనిపించే వింత విగ్రహాల వెనక సుసాన్ వెంగర్ ఉంది. ఆస్ట్రియాలో పుట్టిన ఈ కళాకారిణి 1950లో నైజీరియా వచ్చి, ఆ దేవతలకే భక్తురాలై, తర్వాత ఓషోగ్బో చేరి, అక్కడి శిల్పులతో కలిసి పనిచేస్తూ 2009లో పోయేదాకా ఆ ఊళ్లోనే ఉండిపోయింది.

గేటు దాటగానే ఫోన్ తీయకండి. నేను తీశాను. ఒడ్డున తెల్లబట్టల పెద్దావిడ మొక్కుకుంటోంది. గైడు మెల్లగా నా చెయ్యి కిందికి దించాడు. సింహాచలం గర్భగుడిలో ఎవరైనా అలా చేస్తే మనం ఊరుకుంటామా! పొద్దున పూట పెద్దవాళ్లు ఎదురైతే మోకాళ్లు కాస్త వంచి "ఎ కారో" అనండి, మొహాలు విచ్చుకుంటాయి. ఫోటో సంగతి ఆ తర్వాత అడగొచ్చు. భక్తులు సీసాల్లో నీళ్లు పట్టుకెళ్తారు గానీ, పైన బంగారం తవ్వకాల వల్ల ఏరు బురదైపోయింది. తీర్థమని గొంతులో పోసుకోవద్దు.

ఆగస్టులో పండగ. అరుగ్బా అనే కన్నెపిల్ల నైవేద్యాలున్న సొరకాయ బుర్ర నెత్తిన పెట్టుకుని ఏటికి నడుస్తుంది. మన సిరిమానుకి వచ్చినట్టు జనం, చంటిపిల్లలతో మాత్రం వద్దు.

మర్నాడు ఇలేషా మీదుగా ఎరిన్ ఇజేషా. ఈ జలపాతాన్నే ఓలుమిరిన్ అని కూడా అంటారు, ఏడు అంచెలుగా దూకుతుంది. వానల్లో రాళ్లు జారతాయి, ఎండలు ముదిరితే ధార సన్నబడుతుంది. నన్నడిగితే మన కార్తీకమాసం రోజులే మంచివి. పట్టున్న బూట్లు వేసుకోండి. పిల్లలకీ పెద్దవాళ్లకీ మొదటి మడుగు చాలు. చీరతో అస్సలు ఎక్కొద్దు. నాకు రెండో అంచె దగ్గరే కుచ్చిళ్లు తడిసి బరువైపోయి దిగొచ్చేశాను. మావారు ఏడోది చూసొచ్చారు, ఇంటికొచ్చిన చుట్టాలందరికీ ఇప్పటికీ అదే చెబుతారు.