సాంటా లుచీయా పండగ గోధుమలు: కుచ్చీయ చేసే పద్ధతి

డిసెంబర్ 13న ఇటలీలోని సిసిలీ దీవిలో సాంటా లుచీయా అనే క్రైస్తవ పునీతురాలి పండగ. అక్కడి పలెర్మో నగరంలో పాత పద్ధతి పాటించే ఇళ్లలో ఆ రోజు బ్రెడ్డు, పాస్తా ముట్టరు. 1646లో కరువుతో జనం అల్లాడుతుంటే సరిగ్గా ఆ రోజే గోధుమల ఓడ రేవుకొచ్చిందని, పిండి పట్టించేదాకా ఆగలేక గింజలు అలాగే ఉడకేసుకు తిన్నారని చెప్పుకుంటారు. ఓడ మా రేవుకే వచ్చిందని పలెర్మో వాళ్లంటారు, కాదు మాకే అని సిరక్యూజ్ వాళ్లంటారు. అలా మొదలైందని చెప్పే వంటే కుచ్చీయ, ఉడికిన గోధుమల్ని తియ్యటి రికోటా క్రీమ్‌లో కలిపి చేసేది. గుగ్గిళ్లు చేసే చేతికి ఇదేం కష్టం కాదు.

పావుకిలో ముడి గోధుమలు తీసుకోండి. గోధుమ రవ్వ వద్దు, జావైపోతుంది. కడిగి మూడు రోజులు నానబెట్టాలి, రోజూ నీళ్లు మార్చాలి, ఎండాకాలమైతే గిన్నె ఫ్రిజ్‌లోనే పెట్టండి, లేదంటే పులుస్తాయి. తర్వాత చిటికెడు ఉప్పు, నాలుగింతల నీళ్లు పోసి కుక్కర్లో సన్నమంట మీద అరగంట పైనే ఉడకనివ్వండి. గింజని వేళ్లతో నొక్కితే పొట్టు పగిలి లోపలి తెలుపు కనపడాలి, నమిలితే కాస్త సాగాలి. స్టవ్ ఆపేశాక అదే నీళ్లలో రాత్రంతా వదిలేయండి, ఇంకా ఉబ్బుతాయి. తెల్లారి జల్లెట్లో వేసి తడి పూర్తిగా పోయేదాకా ఆరబెట్టాలి. వంటంతా చెడేది ఇక్కడే, తడి ఉంటే క్రీమ్ నీరుగారిపోతుంది.

క్రీమ్‌కి వాళ్లు వాడేది గొర్రెపాల రికోటా, అంటే మెత్తటి తాజా చీజ్. అది దొరక్కపోతే మూడు లీటర్ల చిక్కటి పాలు నిమ్మరసంతో విరగ్గొట్టి, వడకట్టి, కొంచెం మీగడ వేసి మిక్సీలో మెత్తగా తిప్పండి. అచ్చం ఆ రుచి రాదు కానీ బాగానే ఉంటుంది. అందులో 150 గ్రాముల పంచదార పొడి, కాస్త దాల్చినచెక్క పొడి కలిపి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, అప్పుడు గోధుమలు, డార్క్ చాక్లెట్ ముక్కలు వేయండి. పాకంలో ఊరిన గుమ్మడి ముక్కలు కూడా పడాలి, వాటి బదులు మన స్వీట్ షాపుల్లో దొరికే ఆగ్రా పేఠా చక్కగా సరిపోతుంది. టూటీ ఫ్రూటీ మాత్రం నాకు నచ్చదు, ఉత్త రంగే.

తీపి వద్దనుకుంటే శనగలు, ఆలివ్ నూనెతో ఉప్పటి రకం కూడా ఉంది. మామూలుగా పెద్ద గిన్నెడు చేసి ఇరుగుపొరుగుకి పంచుతారు. మిగిలింది రెండు రోజుల్లో తినేయండి, ఫ్రిజ్‌లో గింజలు గట్టిపడతాయి కాబట్టి తినే ముందు ఓ పావుగంట బయట పెట్టండి.